కట్లు విప్పిన చరిత్ర

1797లో పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో పుస్సిన్ అనే పర్యవేక్షకుడు మానసిక రోగుల గొలుసులు విప్పించాడు. గొలుసులు పోయినా కట్లు పోలేదు. రెండు శతాబ్దాల తర్వాత, 1998లో, హార్ట్‌ఫర్డ్ కొరాంట్ పత్రిక లెక్క తీసింది: అమెరికాలో పదేళ్ళలో కట్టేసినప్పుడో, గదిలో బంధించినప్పుడో చనిపోయినవారు 142 మంది.

పెన్సిల్వేనియా ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు 1997లోనే దారి మార్చుకున్నాయి. కోపాన్ని మాటతో చల్లార్చడం సిబ్బందికి నేర్పారు. కట్టేయవలసివస్తే, ఎందుకలా జరిగిందో తర్వాత రోగితో కూర్చుని మాట్లాడాలన్నారు. మూడేళ్ళలో బంధించిన గంటలు 96 శాతం తగ్గాయి.

ఒకప్పుడు హింస అనుభవించిన మనిషికి కట్లు ఆ హింసనే గుర్తుచేస్తాయి. అందుకే నర్సులకిప్పుడు 'ఇతని జబ్బేమిటి?' అని కాక, 'ఇతనికి ఏం జరిగింది?' అని ఆలోచించడం నేర్పుతున్నారు.

2001లో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులు వేసివున్న రోగులు 28 మంది మంటల్లో పోయారు. భారత ప్రభుత్వం 2017 చట్టంతో గొలుసులను నిషేధించింది. మనవాళ్ళు ఆసుపత్రిలో ఉంటే, 'కట్టేశారా? ఎందుకు?' అని అడగడానికి మనం సిగ్గుపడకూడదు.