వేసవి కొర్రమీను వేట

వేసవి కొర్రమీను వేట కృష్ణా డెల్టా గ్రామాలలో ఫాల్గుణ, చైత్ర మాసాలలో గడ్డి, నాచు పెరిగిన చెరువులలోను, మురుగు కాలువలలోను జరిగే మంచినీటి చేపల వేట. కృష్ణా జిల్లాలోని పామర్రు, దాని చుట్టుపక్కల పల్లపు గ్రామాలు ఈ వేటకు అనువైన ప్రాంతము. కొర్రమీనును కొరమీను, కొర్రమట్ట అని కూడా అంటారు. దీని శాస్త్రీయ నామము చన్నా స్ట్రయేటా. జర్మన్ శాస్త్రవేత్త మార్కస్ ఎలీజర్ బ్లాక్ 1793లో దీనిని మొదటిసారిగా వర్ణించాడు. తెలంగాణకు ఇది రాష్ట్ర చేప.

ప్రాంతము, కాలము

పామర్రు విజయవాడ - మచిలీపట్నం రహదారిపై ఉన్న మండల కేంద్రము. ఈ ప్రాంతపు పొలాలకు ప్రకాశం బ్యారేజి నుండి తూర్పు డెల్టా కాలువల ద్వారా నీరు వస్తుంది. సార్వా కోతలయిన తరువాత చాలా పొలాలలో మినుము వేస్తారు. వేసవిలో కాలువలు కట్టివేయడానికి ముందు ఊరి మంచినీటి చెరువులను నింపుకుంటారు. ఆ తరువాత కాలువలలోను, బోదెలలోను, పల్లపు గుంటలలోను నీరు రోజురోజుకూ తగ్గిపోతుంది. వానకాలములో పొలాలంతటా తిరిగిన చేపలు మిగిలిన కొద్దిపాటి నీటిలోకి చేరుతాయి. గుర్రపుడెక్క, తామర, కలువ, తూడు, జమ్ము అల్లుకొన్న ఇటువంటి మడుగులే కొర్రమీనుకు ఇష్టమైన చోట్లు.

చేప స్వభావము

కొర్రమీను తల పాము తలను పోలి ఉంటుంది. వీపు నలుపు, పొట్ట తెలుపు. అంగళ్ళలో సాధారణంగా అర కిలో నుండి కిలో వరకు తూగే చేపలు కనిపిస్తాయి. చిన్న చేపలు, కప్పలు, రొయ్యలు, పురుగులు దీని ఆహారము. గడ్డి నీడలో కదలకుండా పొంచి ఉండి, ఎర దగ్గరకు రాగానే ఒక్క ఉదుటున మీద పడుతుంది.

దీని మొప్పలకు పైభాగాన గాలిని పీల్చుకొనే గదులు ఉంటాయి. ఎదిగిన చేప నీటిపైకి వచ్చి గాలి పీల్చకుండా బ్రతకలేదు. అందువలననే ప్రాణవాయువు తక్కువగా ఉండే మురికి నీటిలోను ఇది నిలదొక్కుకొంటుంది. నీరు ఇంకిపోతే తడి బురదలో దాగి, చర్మము ఆరిపోనంత కాలము బ్రతుకుతుంది. తడి నేల మీద పాకుతూ ఒక గుంట నుండి మరొక గుంటకు పోగలదు. బజారులో దీనిని బ్రతికి ఉండగానే అమ్మగలగడానికి కూడా ఇదే కారణము.

వేట పద్ధతులు

కొర్రమీను గాలి కోసము పైకి వచ్చినపుడు గడ్డి సందులలో బుడగలు కనిపిస్తాయి, చిన్న చప్పుడు వినిపిస్తుంది. వేటగాడు ఆ గుర్తును బట్టి గాలము వేస్తాడు. ఉదయము, సాయంకాలము ఇందుకు అనుకూలమైన వేళలు. చిన్న కప్ప, చిన్న చేప, వానపాము ఎరగా వాడతారు. నాచు మీద కప్ప గెంతినట్లుగా ఎరను మెల్లగా లాగడము ఇందులోని ముఖ్యమైన నేర్పు. చేప ఎరను అందుకొన్న వెంటనే గట్టిగా లాగకపోతే అది దారాన్ని తూడులలో చుట్టి తెంపుకొని పోతుంది. లోతు తగ్గిన గుంటలలో అడుగులేని వెదురు బుట్టను బురదలోకి గుచ్చి, పైనుండి చేయి పెట్టి చేపను పట్టడము మరొక పద్ధతి. గడ్డి లేని చోట విసురువల వాడతారు.

ఉత్తర అమెరికాలోని గడ్డి సరస్సులలో వేసవి ఆరంభాన బాస్ అనే చేపను ఇదే తీరున పడతారు. బాస్ కొరకు తయారైన రబ్బరు కప్ప ఎరలను ఇప్పుడు కొర్రమీను వేటకూ వాడుతున్నారు.

గ్రామ చెరువులలో చేపల హక్కును చాలాచోట్ల వేలంపాటలో ఇస్తారు. అటువంటి చెరువులో గాలము వేయడానికి పాటదారు అనుమతి అవసరము.

పిల్లల సంరక్షణ

కొర్రమీను ముఖ్యంగా వానకాలములో గుడ్లు పెడుతుంది. నీరు నిలిచిన చోట్ల ఇతర కాలాలలోనూ పిల్లల గుంపులు కనిపిస్తాయి. జంట చేపలు గడ్డి నడుమ కొంత మేర శుభ్రము చేసి, నీటిపై తేలే గుడ్లను పెడతాయి. గుడ్లకు, పిల్లలకు తల్లిదండ్రులు, విశేషించి మగచేప, కాపలా ఉంటాయి. ఎరుపు నారింజ రంగులో ఉండే పిల్లలు గుంపుగా పైకి వచ్చినపుడు నీటిపై ఎర్రని మచ్చ వలె కనిపిస్తాయి.

ఆ గుంపు మధ్య ఎర వేస్తే కాపలా చేప ఆకలి లేకున్నా పిల్లలను రక్షించడానికి ఎర మీదకు వస్తుంది. దానిని పట్టుకొంటే పిల్లల గుంపు ఇతర చేపలకు, నీటి పక్షులకు ఆహారమవుతుంది. ఒక్క చేప వేట ఆ విధంగా వందలాది పిల్లల నాశనానికి దారి తీస్తుంది. బాస్ చేపలోను మగదే గూటికి కాపలా. అందుచేత అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు ఆ సమయములో వేటపై ఆంక్షలు పెట్టాయి. ఆంధ్ర తీరములో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధము సముద్రానికే గాని చెరువులకు వర్తించదు. కనుక పిల్లలున్న జంటను వదలివేయడము వేటగాని విచక్షణపైననే ఆధారపడి ఉన్నది.

విత్తన చేపలు

వేసవిలో మిగిలిన మడుగులలోని చేపలే తొలకరి తరువాత కాలువలకు, పొలాలకు విత్తనము. గాలముతో నాలుగు చేపలు పట్టినా మడుగులో మరికొన్ని మిగులుతాయి. ఇంజను పెట్టి నీరంతా తోడితే ఏమీ మిగలవు. నీటిలో విషము కలపడము, మందుగుండు పేల్చడము 1897 నాటి భారత మత్స్య చట్టము ప్రకారము నేరము. విద్యుత్తు ప్రవహింపజేసి పట్టడము చిన్న పిల్లలను కూడా చంపుతుంది, మనుషులకూ ప్రాణాపాయకరము.

కొల్లేరు

పామర్రు నుండి గుడివాడ, కైకలూరు మీదుగా వెళ్ళే 165వ జాతీయ రహదారి కొల్లేరు ప్రాంతానికి చేరుస్తుంది. కిక్కిస, గుర్రపుడెక్క పెరిగే ఈ మంచినీటి సరస్సు కొర్రమీనుకు సహజ నివాసము. 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాలో చేర్చారు. సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో పెద్ద ఎత్తున తొలగించారు. అభయారణ్యములో చేపల చెరువులు నిషిద్ధము, సంప్రదాయ వేటకు మాత్రము అవకాశమున్నది.

వంటకము

కొర్రమీనులో సన్న ముళ్ళు తక్కువ. జిగురు పోవడానికి బూడిదతో గాని ఉప్పుతో గాని రుద్ది కడుగుతారు. చింతపండు పులుసు ఈ ప్రాంతములో ప్రసిద్ధము. జబ్బు చేసి లేచినవారికి ఇది బలమిస్తుందని ప్రజల నమ్మకము.