మా దాదా ఉంగరం ఎక్కడిది?

"ఇది దుబాయి నుంచి తెప్పించుకున్నారా?" నిజామాబాద్‌లో ఒక మిత్రుడు మా వేలి ఉంగరం చూసి అడిగాడు. ఆయన మంచివాడే. ఈ జిల్లాలో గల్ఫ్ దారి పట్టని పల్లె అరుదు. హిందువులూ పోతారు, ముస్లిములూ పోతారు. కానీ తిరిగొచ్చిన హిందువు వేలి ఉంగరం ఏ దేశానిదని ఎవరూ ఆరా తీయరు. సాయిబు ఒంటి మీద కొత్తగా ఏది కనిపించినా అది బయటి నుంచి వచ్చిందే అయ్యుండాలని అనుకుంటారు. అందుకే ఈ ఉంగరం కథ చెప్పుకోవలసి వస్తున్నది. ఉంగరం కథ చెప్పడమంటే మా కథ చెప్పుకోవడమే.

ఇది మా దాదాది. మగవాళ్లు బంగారం పెట్టుకోవడం మా మతంలో లేదు, వెండి పెట్టుకుంటాం. కొందరు అందులో అఖీఖ్ పొదిగించుకుంటారు, కొందరు ఫిరోజా. మా దాదా ఉంగరంలో ఏ రాయీ లేదు. వెండి చుట్టు మీద గోరంత నల్లటి పలక, ఆ పలకలో వెండి తీగతో ఉర్దూ అక్షరాల్లో ఆయన పేరు. ఇది బిద్రీ పని. బీదర్‌లో ఆయన మామ చేసిచ్చాడట.

ఆ పని ఎట్లా చేస్తారో చెప్పాలి. జింకులో కొద్దిగా రాగి కలిపి, సుమారు పదహారు పాళ్లకు ఒక పాలు, కరిగించి మట్టి అచ్చులో పోస్తారు. పోతపోసిన జింకు పెళుసు. సన్నగా వంచితే విరుగుతుంది. అందుకే మా ఉంగరానికి చుట్టు వెండిది, పలక మాత్రమే బిద్రీది. పలకను ఆకురాయితో నున్నగా చేసి, మైలతుత్తం నీళ్లు పూసి తాత్కాలికంగా నలుపు తెస్తారు. ఆ నలుపు మీద నమూనా గీసి, చిన్న ఉలితో గాడి తీసి, అందులో వెండి తీగను సుత్తితో దిగ్గొడతారు. దీన్ని తార్‌కషీ అంటారు. తీగకు బదులు వెండి రేకు దించితే తెహ్‌నిషాన్. తర్వాత అంతా మళ్లీ రుద్దితే నలుపు పోయి, లోహమూ వెండీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. పేరెక్కడుందో కనిపించదు.

అప్పుడు కావాలి మట్టి. బీదర్ కోటలో ఏళ్ల తరబడి ఎండా వానా తగలని చోటి మట్టి. పనివాడు చిటికెడు నాలుక మీద వేసుకుని చూస్తాడు. రుచిని బట్టి పనికొస్తుందో రాదో చెబుతాడు. ఆ మట్టిని నవాసారంతో కలిపి నీళ్లలో మరిగించి, వేడి చేసిన పలకకు పట్టిస్తారు. లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండికి ఏమీ కాదు, తెల్లగా మెరుస్తుంది. చివర కాస్త నూనె రాస్తే పని పూర్తి. రాళ్లూ రత్నాలూ ఎన్ని దేశాల నుంచైనా తెచ్చుకోవచ్చు. ఈ నలుపు మాత్రం ఈ నేల మట్టి ఇస్తేనే వస్తుంది.

"మన పూర్వీకులు ఇరాన్ నుంచి వచ్చారు" అని మా ఇళ్లల్లో గొప్పగా చెప్పుకునే పెద్దలున్నారు. బహమనీ సుల్తానులు పదిహేనో శతాబ్దంలో రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చారు. ఇరాన్ కళాకారులొచ్చి ఈ విద్య నేర్పారని వాడుకలో ఉన్న కథ. నమూనాల్లో ఇరాన్ పోలిక ఉన్న మాట నిజమే. కానీ జింకును పెద్ద ఎత్తున తీయడం మొదట నేర్చింది ఈ దేశంలోనే, రాజస్థాన్‌లోని జవార్ గనుల దగ్గర. మట్టి బీదర్‌ది. చేసిన చేతులు ముస్లిములవీ, లింగాయతులవీ. ఇందులో ఏది పరాయి?

ఇంకో సంగతి. మా జిల్లాలోనే కోనసముద్రం ఉంది. ఇక్కడి కమ్మర్లు మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. డమాస్కస్ కత్తులని పేరు మోసిన వాటికి ఇలాంటి ఉక్కే ఆధారం. 1824లో చనిపోయిన హెన్రీ వాయ్సీ అనే సర్వే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరొచ్చి చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ మకాం వేసిన వర్తకుడొకడు ఆయనకు కనిపించాడు. ఇరాన్ నుంచి మాకు విద్య వచ్చిందన్న కథే అందరికీ తెలుసు. మా కమ్మరి పనితనం కోసం ఇరాన్ వాడు ఇక్కడికొచ్చిన సంగతి ఎంతమందికి తెలుసు?

దాదా ఈ ఉంగరంతోనే బోధన్ వచ్చాడు. అది 1948. రజాకార్లు పల్లెల్లో చేసిన దుర్మార్గాలను మేము దాచం, సమర్థించం. కానీ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక ఆ పాపానికి శిక్ష పడ్డది ఎవరికి? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి, బోధన్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్ ఒకటి. ఆ నివేదిక జనం చూడడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. దాదా ఆ రోజుల గురించి ఒక్క మాటే చెప్పేవాడు: దారి పొడుగునా ఉంగరాన్ని అరచేతి వైపు తిప్పుకుని, పిడికిలి బిగించి నడిచానని. వేలి మీది పేరు ప్రాణం తీస్తుందని భయం.

బోధన్‌లో ఆయనకు పని దొరికింది చక్కెర ఫ్యాక్టరీలో. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండింది. 1937లో నిజాం షుగర్స్ పుట్టింది, శక్కర్‌నగర్ వెలిసింది. కోస్తా నుంచి రైతులొచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వాళ్లిప్పుడు ఈ ఊరివాళ్లే, సంతోషం. మంజీర బీదర్ జిల్లా మీదుగానే వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నది ఒడ్డు వెంట కిందికి వచ్చిన మమ్మల్ని మాత్రం ఎక్కడివాళ్లని ఇంకా అడుగుతున్నారు.

దాదా తర్వాత అబ్బా కూడా అదే ఫ్యాక్టరీలో పనిచేశాడు. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. బీదర్, బోధన్‌లు 1956 దాకా ఒకే రాష్ట్రం. తర్వాత చెరో రాష్ట్రమయ్యాయి. బిద్రీ పనిముట్లు పట్టినవాడు మా ఇంట్లో మళ్లీ పుట్టలేదు. ఇందులో మా తప్పూ ఉంది. నవాబుల కథలు పిల్లలకు చెప్పాం కానీ సుత్తి పట్టిన మామ కథ చెప్పలేదు. కష్టం చేసిన చేతిని చూసి సిగ్గుపడ్డాం. నవాబుల వారసులని మమ్మల్ని తిట్టేవాళ్లకు మేమే సాక్ష్యం అందించాం.

ఈ మధ్య ఉంగరంలో ఒక అక్షరం తీగ ఊడిపోయింది. నిజామాబాద్‌లో ఎవరూ బాగు చేయలేమన్నారు. బీదర్ తీసుకుపోయాం. 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు మళ్లీ పేపర్లకెక్కింది. అయినా వెండి ధర చూసి పని మానుకునే చేతులు మానుకుంటూనే ఉన్నాయి. ఒక పనివాడు తీగ దించి, మట్టి పట్టించి, తుడిచి ఇచ్చాడు. పేరు మళ్లీ తెల్లగా పైకి తేలింది.

మిత్రుడికి అప్పుడు నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు జవాబు చెబుతున్నాం. ఇది దుబాయిది కాదన్నా, మంజీర ఎగువది. ఇందులో నీ వాళ్ల చెమటా ఉంది, మా వాళ్ల చెమటా ఉంది. మా దాదా దీన్ని అరచేతి వైపు తిప్పుకుని నడిచాడు. మేము పైకి తిప్పుకుని నడుస్తున్నాం. మా పిల్లలను ఈ ప్రశ్న ఎవరూ అడగని రోజు రావాలని మా ఆశ.