సూదికి అందని అయస్కాంతము

లాలాపేట నుండి తార్నాక దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ. 1952 నుండి 1957 వరకు అక్కడ వైస్-ఛాన్సలరుగా ఉన్న ఆచార్య సూరి భగవంతం గారు, రామన్ గారి శిష్యులై కలకత్తాలో కాంతిని గురించి పరిశోధించిన సంగతి పలువురు ఎరిగినదే. ఆయన దృష్టి తరువాత అయస్కాంత స్ఫటికాల మీదికి కూడా మళ్ళిన సంగతి అంతగా ప్రచారంలో లేదు.

అయస్కాంతమనగానే సూదిని లాగే ఇనుపముక్క స్ఫురిస్తుంది. కాని కొన్ని స్ఫటికాలలో ప్రతి లోహపరమాణువూ ఒక చిరు అయస్కాంతమే అయినా, పక్కపక్క పరమాణువులు ఎదురెదురు దిక్కులకు తిరిగి ఒకదాని బలాన్ని మరొకటి హరిస్తాయి. వీటిని యాంటీఫెర్రో అయస్కాంతాలంటారు. లోపల ఎంత క్రమమున్నా బయటికి ఫలితం శూన్యం. ఫ్రాన్సు దేశీయుడు లూయీ నీల్ 1930 దశకంలో ఈ ఊహ చేసినప్పుడు ఉద్దండులే సందేహించారు. సూదికి అందని దానిని ఏ సాక్ష్యంతో నమ్మడం? 1949లో అమెరికాలో షల్, స్మార్ట్ అనేవారు మాంగనీసు ఆక్సైడు మీదికి న్యూట్రానులను పంపారు. న్యూట్రాను కూడా ఒక చిరు అయస్కాంతమే గనుక ఆ ఎదురెదురు వరుసలను పసిగట్టగలదు. గదిలోని వేడిమిలో లేని కొత్త గుర్తులు, స్ఫటికాన్ని బాగా చల్లార్చినప్పుడు కనిపించాయి. నీల్ మాట నిలిచింది. 1970లో నోబెల్ బహుమానం వచ్చింది.

దీనితో ఒక పాత లెక్క సవరించవలసి వచ్చింది. పరమాణువుల స్థానాలను మాత్రమే చూచి స్ఫటికాలను 32 తరగతులుగా విభజించారు. వాటి అయస్కాంతపు దిక్కును కూడా చూస్తే ఆ తరగతులు 122 అవుతాయి. ఏ తరగతి స్ఫటికం ఏ గుణాన్ని చూపగలదు? ఇది సమూహ గణితంతో తేల్చవలసిన ప్రశ్న. భగవంతం గారు, వెంకటరాయుడు గారు ఆ గణితాన్ని గురించి వ్రాసిన గ్రంథం 1948లోనే వెలువడింది. 1964లో పంతులు గారితో కలిసి ఆయన అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద వ్యాసం ప్రకటించారు. 1966లో స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక గుణాలు విషయంగా ఒక గ్రంథం వెలువరించారు. ఇది వట్టి లెక్క కాదు. కోబాల్టు ఫ్లోరైడును అదిమితే దానిలో స్వల్పంగా అయస్కాంతత్వం పుడుతుంది. పాత 32 తరగతుల లెక్కలో స్థానమే లేని దిక్కుల క్రమం వల్ల కలిగిన గుణమది.

అయితే సౌష్ఠవం అనుమతించిన క్రమమంతా ఏర్పడి తీరాలని లేదు. అదే 1966లో మెర్మిన్, వాగ్నర్ అనే ఇద్దరు దీనికి ఒక హద్దు గీశారు. రేడియోలో బొమ్మ గీసి చూపలేము గనుక కోలాటాన్ని తలచుకోండి. ఒకే వరుసలో ఒకరు తూర్పుకూ మరొకరు పడమరకూ తిరిగి నిలిచారు. ఒక్కొక్కరు వెంట్రుకవాసి పక్కకు తిరిగినా, నూరుమంది దాటేసరికి దిక్కే మారిపోతుంది. అలా ఒరగడానికి పెద్ద శ్రమా లేదు. ఒకే వరుసగానో ఒకే పొరగానో ఉండి, ఏ దిక్కుకైనా సమంగా తిరగగల చిరు అయస్కాంతాలలో, ఏ కొంచెం వేడిమి ఉన్నా శాశ్వతక్రమం నిలువదని వారు నిరూపించారు.

మరి పొటాషియం నికెల్ ఫ్లోరైడు మాటేమిటి? అందులో నికెలు పరమాణువులు పొరలుపొరలుగా ఉంటాయి. పొరకూ పొరకూ నడుమ సంబంధం అతి స్వల్పం. అయినా సున్నకు దిగువ సుమారు 176 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద అది క్రమంలో పడుతుంది. దానిలోని చిరు అయస్కాంతాలకు పొరకు నిలువుగా ఉండే దిక్కు మీద కాస్త మొగ్గున్నది. ఆ కాస్త మొగ్గే వరుసను ఒరగనీయదు.