కాల్డర్ కప్ ప్లేఆఫ్స్

అమెరికన్ హాకీ లీగ్ (ఏహెచ్‌ఎల్) ఛాంపియన్‌ను తేల్చడానికి ఏటా లీగ్ దశ ముగిశాక జరిగే పోటీలను కాల్డర్ కప్ ప్లేఆఫ్స్ అంటారు. ఏప్రిల్ ద్వితీయార్ధంలో మొదలై జూన్‌లో ముగుస్తాయి. ఉత్తర అమెరికా ఐస్ హాకీలో నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్)కు సరిగ్గా ఒక మెట్టు కింద ఉన్న లీగ్ ఇది. ఇక్కడి 32 జట్లలో ఒక్కొక్కటీ ఒక్కో ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకు అనుబంధం. ఆటగాళ్ళలో ఎక్కువమంది ఒప్పందాలు ఆ మాతృ జట్టు చేతిలోనే ఉంటాయి. ఈ కారణంగా చాలా పుస్తకాలు కాల్డర్ కప్‌ను పై లీగ్‌కు తర్ఫీదు శాలగా మాత్రమే చూసి రెండు వాక్యాల్లో ముగిస్తాయి. రికార్డులు దగ్గర పెట్టుకుని చూస్తే ఆ చూపు చాలదని తెలుస్తుంది.

పేరు

ఎన్‌హెచ్‌ఎల్ తొలి అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ పేరు మీద ఈ కప్పు ఏర్పడింది. 1877లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టిన కాల్డర్, 1917 నుంచి 1943లో మాంట్రియల్‌లో మరణించేదాకా ఆ పదవిలో ఉన్నాడు. అంటే కప్పుకు తన పేరు పెట్టేనాటికి ఆయన జీవించే ఉన్నాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ మెమోరియల్ ట్రోఫీ వేరు, ఇది వేరు. పత్రికల్లో కూడా ఈ రెండూ అప్పుడప్పుడు కలిసిపోతుంటాయి.

ఆరంభ సంవత్సరం

లీగ్ ఏ ఏడాది పుట్టిందన్న విషయంలో రెండు లెక్కలున్నాయి. 1936-37లో ఇంటర్నేషనల్ హాకీ లీగ్, కెనడియన్-అమెరికన్ హాకీ లీగ్ రెండూ జట్ల కొరతతో నీరసించి ఉమ్మడి షెడ్యూల్ పెట్టుకున్నాయి. చెరో నాలుగు జట్లతో ఎనిమిదయ్యాయి. అందులో బఫెలో బైసన్స్‌కు ఆడుకునేందుకు సొంత రింక్ లేదు. కెనడా వైపు ఫోర్ట్ ఈరీలో ఉన్న వాళ్ళ మైదానం పైకప్పు 1936 మార్చిలో మంచు బరువుకు కూలిపోయింది. ఆ జట్టు సీజన్ మొదట్లోనే తప్పుకోవడంతో మిగిలినవి ఏడు. 1937 వసంతంలో సిరక్యూస్ స్టార్స్ జట్టు ఫిలడెల్ఫియా రామ్‌బ్లర్స్‌ను ఓడించి తొలి ఛాంపియన్ అయింది.

చట్టపరమైన విలీనం మాత్రం 1938 జూన్ 28న న్యూయార్క్‌లో జరిగింది. న్యూ హేవెన్‌కు చెందిన న్యాయవాది మారిస్ పొడొలోఫ్ అధ్యక్షుడయ్యాడు. పెన్సిల్వేనియాలోని హెర్షీ బేర్స్ జట్టు అప్పుడే లీగ్‌లో చేరింది. 1940లో లీగ్‌కు నేటి పేరు స్థిరపడింది. 1938నే పుట్టిన ఏడాదిగా తీసుకునే రచనలు ఉన్నా, 1936-37 లెక్కే సమంజసంగా కనిపిస్తుంది. ఛాంపియన్ల పట్టిక సిరక్యూస్‌తోనే మొదలవుతుంది, లీగ్ కూడా 2010-11ను తన 75వ సీజన్‌గా జరుపుకుంది.

పొడొలోఫ్ గురించి ఒక మాట ఇక్కడ చెప్పుకోవాలి. తర్వాతి కాలంలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్‌కు తొలి అధ్యక్షుడైంది ఈయనే. ఆయన హయాంలోనే, 1962 మార్చిలో, విల్ట్ చాంబర్లెయిన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. ఆ మ్యాచ్ జరిగింది హెర్షీ బేర్స్ సొంత మైదానంలో.

పోటీల తీరు

జట్ల సంఖ్య మారినప్పుడల్లా ప్లేఆఫ్స్ ఏర్పాటు కూడా మారుతూ వచ్చింది. ఇప్పటి పద్ధతిలో 23 జట్లకు అర్హత ఉంటుంది. అట్లాంటిక్ డివిజన్ నుంచి ఆరు, నార్త్, సెంట్రల్ నుంచి ఐదేసి, పది జట్లున్న పసిఫిక్ నుంచి ఏడు. తొలి రౌండు మూడు మ్యాచ్‌ల సిరీస్. డివిజన్ సెమీఫైనల్స్, ఫైనల్స్ ఐదేసి మ్యాచ్‌లవి. కాన్ఫరెన్స్ ఫైనల్, ఆ తర్వాత కప్పు ఫైనల్ ఏడేసి మ్యాచ్‌లవి. లీగ్ దశలో ముందు నిలిచిన జట్లకు తొలి రౌండు ఆడే పని ఉండదు. పసిఫిక్‌లో ఆ వెసులుబాటు మొదటి స్థానానికి ఒక్కదానికే.

లీగ్ దశలో స్కోరు సమమైతే ముగ్గురేసి ఆటగాళ్ళతో ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, అప్పటికీ తేలకపోతే షూటౌట్. ప్లేఆఫ్స్‌లో షూటౌట్ లేదు. పూర్తి జట్లతో 20 నిమిషాల చొప్పున, ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఆడాల్సిందే.

అర్హత నియమాల్లో ముఖ్యమైనది ఎన్‌హెచ్‌ఎల్ బదిలీల గడువుకు ముడిపడి ఉంది. ఆ గడువు నాటికి ఏహెచ్‌ఎల్ జట్టు జాబితాలో పేరున్న ఆటగాడే, అత్యవసర మినహాయింపులు పోగా, ప్లేఆఫ్స్ ఆడగలడు. పై జట్లు తమ తారలను చివరి నిమిషంలో కిందికి దింపి కప్పు ఎగరేసుకుపోకుండా ఇది అడ్డుకట్ట. జూనియర్ లీగ్‌ల్లో, విశ్వవిద్యాలయాల్లో సీజన్ ముగించుకున్న కుర్రాళ్ళు మాత్రం వచ్చి చేరవచ్చు. ఆ తలుపు తెరిచి ఉంచడం వల్లే ఈ పోటీల్లో కొన్ని గొప్ప ఘట్టాలు సాధ్యమయ్యాయి.

ప్రధాన విజేతలు

2025 దాకా అత్యధికంగా 13 సార్లు కప్పు గెలిచింది హెర్షీ బేర్స్. తొలి గెలుపు 1947లో. చివరి రెండూ 2023, 2024ల్లో వరుసగా, రెండుసార్లూ కాలిఫోర్నియాలోని కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్ మీదే. 2023లో ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో మైక్ వెకియోనీ, 2024లో ఆరో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో మ్యాట్ స్ట్రోమ్ గెలుపు గోల్స్ కొట్టారు. రెండేళ్ళూ కోచ్ టాడ్ నెల్సన్. చాక్లెట్ కర్మాగారం చుట్టూ పెరిగిన ఒక చిన్న ఊరి జట్టు ఎనిమిది దశాబ్దాలకు పైగా లీగ్ వదలకుండా నిలవడమే విశేషం. మరే జట్టుకూ ఇంత సుదీర్ఘ చరిత్ర లేదు.

రెండో స్థానం క్లీవ్‌లాండ్ బేరన్స్‌ది: 1939 నుంచి 1964 మధ్య తొమ్మిది కప్పులు. ఎన్‌హెచ్‌ఎల్‌లో చాలావరకు ఆరే జట్లున్న ఆ కాలంలో, అక్కడ చోటు దొరకని ఆటగాళ్ళెందరో ఏహెచ్‌ఎల్‌లోనే జీవితమంతా ఆడేవారు. అప్పటి క్లీవ్‌లాండ్‌ను ద్వితీయ శ్రేణి జట్టు అనడం లాంఛనమే.

వరుసగా మూడేళ్ళు (1960, 1961, 1962) గెలిచిన ఒకే ఒక్క జట్టు మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఇండియన్స్. దాని యజమాని, బోస్టన్ బ్రూయిన్స్ మాజీ తార ఎడ్డీ షోర్. ఆయన కాఠిన్యం గురించి ఆటగాళ్ళు చెప్పిన కథలు కొల్లలు. అన్నీ అక్షరాలా నమ్మనక్కర్లేదు గానీ, 1966-67 సీజన్‌లో ఆటగాళ్ళు ఆయన మీద తిరుగుబాటు చేసి ఆడటం మానేసింది మాత్రం నమోదైన చరిత్ర. ఇదే స్ప్రింగ్‌ఫీల్డ్ 1990లో న్యూయార్క్ ఐలాండర్స్ అనుబంధంగా, 1991లో హార్ట్‌ఫర్డ్ వేలర్స్ అనుబంధంగా మళ్ళీ వరుసగా గెలిచింది. ఊరు అదే, కోచ్ జిమ్మీ రాబర్ట్స్ ఆయనే. మాతృ జట్టు మారడంతో ఆటగాళ్ళు మాత్రం వేరు.

ఓటమి లేకుండా కప్పు గెలిచిన జట్టుగా సాధారణంగా 1988 నాటి హెర్షీని చెబుతారు. ఆ ఏడు బేర్స్ మూడు రౌండ్లలో 12కు 12 మ్యాచ్‌లూ గెలిచారు. 1964లో క్లీవ్‌లాండ్ కూడా ఒక్క ఓటమి లేకుండా గెలిచింది కాబట్టి ‘తొలిసారి’ అన్న మాట హెర్షీకి పూర్తిగా అతకదు. మూడు రౌండ్లూ ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లుగా ఆడి సాధించడం అన్న అర్థంలోనే హెర్షీకి ఆ గౌరవం చెల్లుతుంది.

అతి సుదీర్ఘ మ్యాచ్

2018 మే 9న షార్లెట్‌లో చెకర్స్‌కూ లీహై వ్యాలీ ఫాంటమ్స్‌కూ మధ్య అట్లాంటిక్ డివిజన్ ఫైనల్ నాలుగో మ్యాచ్ జరిగింది. నిర్ణీత 60 నిమిషాల్లో 1-1. నాలుగు ఓవర్‌టైమ్‌లు గడిచినా గోల్ లేదు. ఐదో ఓవర్‌టైమ్‌లో 6 నిమిషాల 48 సెకన్ల దగ్గర అలెక్స్ క్రుషెల్నిస్కీ కొట్టిన గోల్‌తో ఫాంటమ్స్ గెలిచారు. అప్పటికి రాత్రి ఒంటిగంట దాటింది. మొత్తం ఆడిన సమయం 146 నిమిషాల 48 సెకన్లు. లీగ్ చరిత్రలో ఇంతకన్నా పొడవైన మ్యాచ్ లేదు.

గెలుపు గోల్ కన్నా చూడవలసింది ఫాంటమ్స్ గోలీ అలెక్స్ లయన్ ఆట. చెకర్స్ అతని మీదికి 95 షాట్లు కొట్టారు. 94 ఆపాడు. మామూలు మ్యాచ్‌లో 30 ఆపితే బాగా ఆడాడంటారు. ప్యాడ్లు, మాస్క్, ఛాతీ కవచం చెమటకు తడిసి బరువెక్కే ఆటలో, రెండు మ్యాచ్‌లకు మించిన సేపు ఏకబిగిన నిలబడి ఒక్క గోల్ మాత్రమే ఇవ్వడం ఏ లీగ్‌లోనైనా అరుదే. అవతలి గోలీ జెరెమీ స్మిత్ కూడా 51 ఆపాడు. ఓడిన జట్టు కావడంతో అతని పేరు ఎక్కువమందికి గుర్తులేదు.

కప్పుతో పైకి వెళ్ళినవారు, కప్పు దగ్గరే మిగిలినవారు

1985లో ప్యాట్రిక్ రాయ్ 19 ఏళ్ళ కుర్రాడు. జూనియర్ సీజన్ ముగించుకుని షెర్‌బ్రూక్ కెనడియన్స్‌లో చేరాడు. లీగ్ దశలో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు. ప్లేఆఫ్స్‌లో 13 ఆడి 10 గెలిచాడు, కప్పు తెచ్చాడు. మొదటి గోలీ పరికరం ఏదో పాడవడం వల్ల రాయ్‌కు అవకాశం వచ్చిందన్నది ప్రచారంలో ఉన్న కథ. మరుసటి ఏడాది మాతృ జట్టు మాంట్రియల్‌కు ఎన్‌హెచ్‌ఎల్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ గెలిపించి ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. 2007లో కేరీ ప్రైస్‌ది కూడా ఇదే దారి. హామిల్టన్ బుల్‌డాగ్స్‌కు లీగ్ దశలో రెండే మ్యాచ్‌లు ఆడి, ఆ తర్వాత కప్పుతో పాటు జాక్ బటర్‌ఫీల్డ్ ట్రోఫీ కూడా గెలిచాడు. ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికి 1984 నుంచి ఇస్తున్న పురస్కారం అది. అప్పటికి ప్రైస్ వయసు కూడా 19.

2012లో నార్‌ఫోక్ అడ్మిరల్స్ లీగ్ దశను వరుసగా 28 విజయాలతో ముగించి, ఫైనల్‌లో టొరంటో మార్లీస్‌ను 4-0తో ఓడించారు. ఆ కోచ్ జాన్ కూపర్, ఆ జట్టులోని ఆండ్రే పలాట్, టైలర్ జాన్సన్, అలెక్స్ కిలోర్న్ ఆ తర్వాత మాతృ జట్టు టాంపా బే తరఫున 2020, 2021ల్లో స్టాన్లీ కప్ అందుకున్నారు.

ఇలాంటి ఉదాహరణలు ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. రావలసినంత చోటు రానిది బిల్ మెక్‌డూగల్ పేరు. 1993లో కేప్ బ్రెటన్ ఆయిలర్స్‌కు ఆడుతూ 16 ప్లేఆఫ్స్ మ్యాచ్‌ల్లో 26 గోల్స్ కొట్టాడు, మరో 26 గోల్స్‌కు అసిస్ట్‌లు ఇచ్చాడు. గోల్‌కు, అసిస్ట్‌కు ఒక్కో పాయింటు చొప్పున, మ్యాచ్‌కు సగటున మూడు పాయింట్లకు మించిన లెక్క అది. జట్టు కప్పు గెలిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో లీగ్ దశలో అతను ఆడింది మొత్తం 28 మ్యాచ్‌లే. పై లీగ్‌లో ఎంతకాలం ఆడాడన్న కొలబద్దతో చూస్తే అతను ఎవరికీ గుర్తుండడు. కాల్డర్ కప్ చరిత్రగా రాస్తే అతనిది మొదటి పుటల్లో ఉండవలసిన పేరు.

గెలిచి ఊరు విడిచిన జట్లు

ఈ పోటీలకే ప్రత్యేకమైన ఒక విషాదం ఉంది. 1967లో కప్పు గెలిచిన పిట్స్‌బర్గ్ హార్నెట్స్ మళ్ళీ మంచు మీదికి రాలేదు. ఆ ఊరికి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు పెంగ్విన్స్ వస్తుండటంతో జట్టును ఎత్తేశారు. 1970లో గెలిచిన బఫెలో బైసన్స్‌కూ అదే గతి. వాళ్ళ స్థానంలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు సేబర్స్ వచ్చారు. 2012లో నార్‌ఫోక్ గెలిచిన వేసవిలోనే టాంపా బే తన అనుబంధాన్ని సిరక్యూస్‌కు మార్చుకుంది. 2015లో న్యూహాంప్‌షర్‌లోని మాంచెస్టర్ మోనార్క్స్ అభిమానులకైతే జట్టు కాలిఫోర్నియాకు తరలిపోతుందని సీజన్ మధ్యలోనే తెలిసింది. తెలిసీ చివరిదాకా వెన్నంటి ఉన్నారు. జూన్‌లో కప్పు చేతికొచ్చింది, జట్టు వెళ్ళిపోయింది. ఆ ఊరికి అదే పేరుతో మిగిలింది ఇంకో మెట్టు కిందనున్న లీగ్ జట్టు.

ప్రేక్షకులు

చిన్న ఊళ్ళ మైదానాల్లో జరిగే పోటీలే అయినా రెండు సందర్భాల్లో జనం ఎన్‌హెచ్‌ఎల్ స్థాయిలో వచ్చారు. 2005 జూన్ 10న ఫిలడెల్ఫియా ఫాంటమ్స్, చికాగో వుల్వ్స్‌ను ఓడించి కప్పు గెలిచిన మ్యాచ్‌కు 20,103 మంది హాజరయ్యారు. ఆ ఏడు జీతాల వివాదంతో ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయిందన్నది గుర్తుంచుకోవాలి. 2016 జూన్ 11న క్లీవ్‌లాండ్‌లో వచ్చింది 19,665 మంది. హెర్షీ మీద స్కోరు 0-0. ఓవర్‌టైమ్ ముగియడానికి 1.9 సెకన్లు ఉండగా ఆలివర్ బ్యోర్క్‌స్ట్రాండ్ కొట్టిన గోల్‌తో లేక్ ఈరీ మాన్‌స్టర్స్ కప్పు గెలిచారు. బటర్‌ఫీల్డ్ ట్రోఫీ కూడా అతనికే దక్కింది.

విరామం, ఇటీవలి విజేతలు

2020 దాకా యుద్ధకాలంలో సైతం ఏనాడూ ఆగని కప్పు ఇది. 2005లో స్టాన్లీ కప్ ఆగినప్పుడు కూడా కాల్డర్ కప్ ప్రదానం జరిగింది. ‘ఎడతెగకుండా ఇస్తున్న కప్పు’ అన్న మాట పాత పుస్తకాల్లో కనిపించడానికి కారణం ఇదే. ఆ మాట ఇప్పుడు చెల్లదు: కోవిడ్ వల్ల 2020, 2021ల్లో కప్పు ఇవ్వలేదు. 2021లో పసిఫిక్ డివిజన్ మాత్రం తనవరకు పోటీలు పెట్టుకుంది, బేకర్స్‌ఫీల్డ్ కాండోర్స్ గెలిచారు. కానీ దాన్ని కాల్డర్ కప్‌గా లెక్కించరు.

కెనడా జట్లలో తొలిసారి గెలిచింది 1972లో నోవా స్కోషియా వాయజర్స్. 2018లో టొరంటో మార్లీస్ తర్వాత ఆ దేశానికి మళ్ళీ కప్పు దక్కింది 2025లో. ఆ జూన్ 23న బ్రిటిష్ కొలంబియాకు చెందిన అబ్బోట్స్‌ఫర్డ్ కానక్స్, మానీ మల్హోత్రా కోచ్‌గా, షార్లెట్‌ను ఆరు మ్యాచ్‌ల్లో ఓడించి తమ తొలి కాల్డర్ కప్ అందుకున్నారు. బటర్‌ఫీల్డ్ ట్రోఫీ లాత్వియా గోలీ ఆర్తుర్స్ షిలోవ్స్‌కు వచ్చింది. నెల తిరక్కముందే మాతృ జట్టు వాంకూవర్ అతన్ని పిట్స్‌బర్గ్‌కు బదిలీ చేసింది.