కేఫిర్ నుంచి వచ్చిన జన్యువు

ఉబ్బసానికి, అలర్జీ తుమ్ములకు రాత్రిపూట వేసుకోమని ఇచ్చే మాంటెలూకాస్ట్ మాత్ర మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నేనూ ఎన్నో చీటీలమీద దాని పేరు రాశాను. దాని తయారీకి ఒక బాక్టీరియా జన్యువు తోడ్పడిందని మాత్రం పదవీ విరమణ తరువాతే తెలుసుకున్నాను.

మీ రెండు చేతులను చూడండి. రూపం ఒక్కటే, అయినా కుడిచేతి తొడుగు ఎడమచేతికి ఇమడదు. అణువులలోనూ ఇటువంటి జంటలున్నాయి. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలను చేత్తో ఏరి, రెండు కుప్పలుగా వేరుచేసి దీనికి ఆధారం చూపారు. ఈ సందర్భంలో థాలిడొమైడ్‌ను ఉదహరించడం పరిపాటి. 'మంచి' రకాన్నే ఇచ్చి ఉంటే అనర్థం తప్పేదని రాస్తుంటారు. అది సరికాదు. ఏ రకాన్ని ఇచ్చినా శరీరంలో అది రెండవదిగానూ మారుతుంది. అయితే అనేక మందుల విషయంలో ఈ కుడి ఎడమల తేడా నిజంగానే ముఖ్యం. మాంటెలూకాస్ట్‌లో ఉండవలసినది ఒక్క రకమే.

కీటోన్‌కు హైడ్రోజన్‌ను చేర్చి ఆల్కహాలుగా మార్చడాన్ని క్షయకరణం అంటారు. హైడ్రోజన్ ఏ వైపునుంచి చేరిందన్న దానినిబట్టి కుడో ఎడమో తేలుతుంది. సాధారణ రసాయనాలు ఆ తేడా ఎరుగవు. రొట్టెల ఈస్టు కొంత ఎరుగును గనుక శాస్త్రవేత్తలు చాలాకాలం దానినే వాడారు. కాని ఈస్టు కణంలో ఇటువంటి ఎంజైములు అనేకం. ఒకటి కుడికి, మరొకటి ఎడమకు లాగితే దక్కేది కలగాపులగమే. కనుక కావలసిన ఎంజైమును ఒంటరిగా పట్టుకోవాలి.

కాకసస్ ప్రాంతపు పులిసిన పాలు కేఫిర్. అందులోని లాక్టోబాసిల్లస్ కేఫిర్ మన పెరుగు బాక్టీరియాకు దాయాది. అప్పటికి తెలిసిన ఇటువంటి ఎంజైములలో అధికభాగం ఒక వైపే మొగ్గేవి. రెండవ వైపు మొగ్గే ఎంజైమును ఈ జీవిలో కనుగొన్నట్లు 1990లో జర్మనీ శాస్త్రవేత్త వెర్నర్ హుమ్మెల్ ప్రకటించారు.

ఎంజైమును శుద్ధిచేసి, దాని ఆరంభంలోని అమైనో ఆమ్లాల వరుసను చదివితే, ఆ ఆనవాలుతో జన్యువును వెదకి పట్టవచ్చు. దానిని ఈ.కోలైలో ప్రవేశపెడితే ఆ ఒక్క ఎంజైమే పుష్కలంగా తయారవుతుంది. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లలో నాకు జీవితకాల ప్రత్యర్థి అయిన ఈ.కోలై ఇక్కడ మంచి పనివాడు!

కోడెక్సిస్ సంస్థ ఈ జన్యువులో మార్పులు చేసి, ఎంజైమును మాంటెలూకాస్ట్ తయారీకి అనువుగా మలచింది. ఆ వివరాలు 2010లో వెలువడ్డాయి. పాత పద్ధతిలోని బోరాన్ రసాయనం ఒంటిని కాల్చేది, తేమ తగిలితే పాడయ్యేది. దానికి సున్నాకు దిగువన 20 డిగ్రీలకు మించిన చలి కావాలి. ఎంజైముకు 45 డిగ్రీల గోరువెచ్చదనం చాలు. కోరిన రకం 99.9 శాతానికి పైగా లభిస్తుంది. ఇక హైడ్రోజన్‌ను సమకూర్చేది, సూది వేసేముందు చర్మం తుడవడానికి మేము వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలే.