జేబు పిస్తోలు ఎంత నమ్మదగినది? వాడినవారి అనుభవాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

కిందటి భాగంలో శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్త్రాలు చరిత్రకు ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో తెలుసుకున్నారు. ఈ భాగంలో ఒక చిన్న వస్తువును పరిశీలిద్దాం. అది కోటు జేబులోనో నడుము దగ్గరో దాచుకొని తిరగడానికి తయారైన చిన్న పిస్తోలు. అవసరం వచ్చిన క్షణంలో ఇది పేలుతుందా, మొరాయిస్తుందా అన్నది దాన్ని కొన్న ప్రతి మనిషికీ కలిగే సందేహమే. ఆ సందేహానికి గతంలో ఎలాంటి జవాబులు దొరికాయో తెలుసుకోవాలంటే చరిత్ర విద్యార్థి ఏ ఆధారాలను వెతకాలి?

సైన్యం కొనే ఆయుధమైతే పని సులభం. 1911 మార్చిలో అమెరికా సైన్యం కొత్త పిస్తోలును ఎంపిక చేయడానికి తుది పరీక్ష జరిపింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్తోలుతో 6,000 తూటాలు కాల్చారు. వేడెక్కినప్పుడు దాన్ని నీళ్లలో ముంచి మళ్లీ కాల్చారు. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోటీకి నిలిచిన సావేజ్ పిస్తోలు 37 సార్లు ఇబ్బంది పెట్టింది. ఈ లెక్కలు రాతలో ఉన్నాయి కాబట్టి నూరేళ్ల తరువాత కూడా మనం చదవగలుగుతున్నాం. జేబు పిస్తోలును ఒక వ్యాపారో, ప్రయాణికుడో, జూదరో సొంత డబ్బుతో కొనుక్కున్నాడు. దానికోసం ఏ సంఘమూ కూర్చొని 6,000 తూటాలు లెక్కపెట్టలేదు. దాన్ని గురించి మనకు మిగిలింది చాలావరకు వాడినవారి మాటే. ఆ మాట కూడా ఎక్కువగా పోలీసు వాంగ్మూలంలోనో కోర్టు రికార్డులోనో దొరుకుతుంది. ఈ పరిమితిని మొదటినుంచీ మనసులో పెట్టుకోండి. పదేళ్లు జేబులో ఉండి ఒక్కసారీ బయటికి రాని పిస్తోలు గురించి ఎవరూ రాయరు. మొరాయించినందువల్ల యజమాని ప్రాణమే పోయిన సందర్భంలో చెప్పడానికి అతడు మిగలడు.

రెండు పిస్తోళ్లు, ఒకే తేమ

1835 జనవరి 30న వాషింగ్టన్‌లో ఒక కాంగ్రెస్ సభ్యుని అంత్యక్రియలు ముగించుకొని అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ క్యాపిటల్ భవనం నుంచి బయటికి వస్తున్నాడు. అప్పుడాయనకు 67 ఏళ్లు. ఇళ్లకు రంగులు వేసే వృత్తిలో ఉండి పని లేక తిరుగుతున్న రిచర్డ్ లారెన్స్ అనే వ్యక్తి దగ్గరకు వచ్చి చిన్న పిస్తోలు ఎక్కుపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టోపీ టప్పుమని పేలింది కాని తూటా బయటికి రాలేదు. వెంటనే రెండో పిస్తోలు తీశాడు. దానిలోనూ టోపీ మాత్రమే పేలింది. జాక్సన్ చేతికర్రతో అతనిపై విరుచుకుపడ్డాడు. చుట్టూ ఉన్నవారు నిందితుణ్ణి పట్టుకున్నారు.

ఆనాటి పిస్తోలు పనితీరు తెలిస్తే ఇక్కడ ఏం జరిగిందో అర్థమవుతుంది. గొట్టంలో ముందుగా మందు పోసి, దానిపై గుండు దట్టించేవారు. వెనుక భాగంలో ఒక చిన్న లోహపు టోపీ తొడిగేవారు. సుత్తి దెబ్బకు టోపీ పేలి, ఆ నిప్పు సన్నని రంధ్రం గుండా మందును చేరాలి. మందు చెమ్మగిల్లినా, రంధ్రం మూసుకుపోయినా టోపీ మోతతోనే కథ ముగుస్తుంది. ఆ రోజు వాతావరణం తేమగా ఉంది. తరువాత అవే పిస్తోళ్లను పరీక్షించినప్పుడు రెండూ చక్కగా పేలాయి.

ఈ సంఘటనను కొందరు దైవకృప అన్నారు. జాక్సన్ మాత్రం తన రాజకీయ ప్రత్యర్థుల కుట్ర ఉందని అనుమానించాడు. లారెన్స్‌కు మతి స్థిమితం లేదని న్యాయస్థానం తేల్చింది. రెండు పిస్తోళ్లూ ఒకేసారి విఫలం కావడానికి 1,25,000లో ఒక్క వంతే అవకాశమని ఒక లెక్క తరచుగా వినిపిస్తుంది. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఒక పాచిక వేస్తే ఆరు పడటానికి, మరో పాచికకు ఆరు పడటానికి సంబంధం ఉండదు. కాబట్టి ఆ రెండు అవకాశాలనూ గుణించవచ్చు. కాని ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే గాలిలో, ఒకే విధంగా దట్టించి జేబుల్లో పెట్టుకున్న రెండు పిస్తోళ్లు రెండు వేర్వేరు పాచికలా? మొదటిదాన్ని చెమ్మ పాడుచేస్తే రెండోదాన్నీ పాడుచేసే అవకాశం ఎక్కువ. ఆ అద్భుతమైన అంకె చరిత్ర పుస్తకాల్లో చోటు సంపాదించుకోవడానికి దానిలోని నాటకీయతే కారణం కాని నిజం కాదని నా అభిప్రాయం.

ఇక్కడ మరో సంగతి గమనించండి. లారెన్స్ రెండు పిస్తోళ్లు తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో అతణ్ణి అడగనక్కరలేదు. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ తయారుచేసిన ప్రసిద్ధమైన అరచేతి పిస్తోళ్లు కూడా సాధారణంగా జతలుగానే అమ్ముడయ్యేవి. ఒక గొట్టం, ఒక గుండు, మళ్లీ నింపుకొనే వ్యవధి ఉండదు. అందుకని కొనేవాడు రెండు కొనేవాడు. 1865 ఏప్రిల్ 14న అబ్రహాం లింకన్‌ను కాల్చిన జాన్ విల్క్స్ బూత్ చేతిలో ఉన్నది డెరింజరే. అది పేలింది. కాని అతని దగ్గర కత్తి కూడా ఉంది. పిస్తోలు పేలిన తరువాత దాన్ని అక్కడే పారవేసి, పట్టుకోబోయిన మేజర్ రాత్‌బోన్‌ను కత్తితో పొడిచాడు. యజమాని మాటకంటే అతని ఏర్పాటు ఎక్కువ నిజం చెబుతుంది. నోటితో "నా పిస్తోలు తిరుగులేనిది" అనే మనిషి పక్కన కత్తి పెట్టుకుంటే, మీరు కత్తినే నమ్మండి.

చిన్నదనం తెచ్చిన చిక్కు

గుండు, మందు, టోపీ మూడూ ఒకే లోహపు గొట్టంలో ఇమిడిన తూటాలు వచ్చాక చెమ్మ సమస్య చాలావరకు తీరింది. పొగలేని మందు వచ్చాక మసి కూడా తగ్గింది. బ్రౌనింగ్ రూపకల్పనతో బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారం 1900 నమూనా పిస్తోలును మార్కెట్‌లోకి తెచ్చింది. మ్యాగజైన్‌లో ఏడు తూటాలు, పలుచని ఆకారం, జేబులో ఇమిడే పరిమాణం. దాదాపు పదేళ్లలో ఏడు లక్షలకు పైగా తయారయ్యాయి.

అయితే పాత చిక్కు పోయి కొత్త చిక్కు వచ్చింది. ఇలాంటి పిస్తోలు పేలిన ప్రతిసారీ పైభాగం వెనక్కి జరగాలి, ఖాళీ తూటాను బయటికి విసరాలి, ముందుకు వస్తూ కొత్త తూటాను గొట్టంలోకి తోయాలి. పెద్ద పిస్తోలులో ఈ పనికి చోటు, బరువు, సమయం కొంత ఎక్కువగా ఉంటాయి. పిస్తోలు చిన్నదయ్యేకొద్దీ భాగాల ప్రయాణం కురచవుతుంది, స్ప్రింగు గట్టిది కావాలి, చిన్న పొరపాటుకు కూడా చోటుండదు. జేబులోని నూలుపోగు, చెమట, ఎండిపోయిన నూనె, వంగిన మ్యాగజైన్ అంచు, పట్టు సరిగా లేని చేయి వీటిలో ఏదైనా చాలు. కాబట్టి "ఈ పిస్తోలు నమ్మదగినదా?" అన్న ప్రశ్నలో యంత్రంతో పాటు తూటా, సంరక్షణ, చేయి కూడా ఉన్నాయి. ఒక యజమాని ఫిర్యాదు చదివినప్పుడు వీటిలో ఏది కారణమో విడదీయడం కష్టం.

మరి వాడినవారి మాటకు విలువే లేదా? ఉంది. దీనికి మన కాలపు ఉదాహరణ ఒకటి చూద్దాం. జాన్ పెడర్సన్ రూపొందించిన మోడల్ 51 అనే జేబు పిస్తోలును అమెరికాలోని రెమింగ్టన్ సంస్థ 1918లో అమ్మకానికి తెచ్చింది. దాని పనితీరుకు మంచి పేరుండేది. ఆ సూత్రం ఆధారంగా అదే సంస్థ 2014లో ఆర్51 అనే కొత్త చిన్న పిస్తోలును విడుదల చేసింది. కొన్నవారి నుంచి కొద్ది నెలల్లోనే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. తూటా సరిగా లోపలికి పోవడం లేదని, పైభాగం పూర్తిగా మూసుకోవడం లేదని చెప్పారు. నమూనా దశలో బాగానే పనిచేసిందని, పెద్ద ఎత్తున తయారీకి మారే దశలో లోపం వచ్చిందని సంస్థ చెప్పింది. అదే ఏడాది పిస్తోళ్లను వెనక్కి తీసుకొని మార్చి ఇస్తామని ప్రకటించింది. సవరించిన పిస్తోలు 2016లో వచ్చింది. ఒక్క మనిషి చెబితే చేతి లోపమో తూటా లోపమో అనుకోవచ్చు. ఒకరినొకరు ఎరుగని అనేకమంది, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు తూటాలతో ఒకే రకమైన లోపం చెబితే, అది చరిత్రకారుడు ఒప్పుకోవలసిన సాక్ష్యం. శాసనాల విషయంలోనూ మీరు ఈ సూత్రాన్నే చదివారు.

భారతదేశంలో రహస్య పిస్తోళ్లు

మన దేశంలో పరిస్థితి వేరు. 1878 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకి ఉంచుకోవడం నేరం. అందువల్ల విప్లవకారుల చేతికి వచ్చిన పిస్తోలుకు బిల్లు ఉండదు, దుకాణదారు హామీ ఉండదు, బహిరంగంగా కాల్చి చూసుకొనే వీలూ ఉండదు. 1909లో లండన్ నుంచి 20 బ్రౌనింగ్ పిస్తోళ్లు ఒక పెట్టె అడుగున రహస్యపు అరలో బొంబాయి చేరాయి. వాటిని తెచ్చినవాడు ఇండియా హౌస్‌లో వంటవాడిగా ఉన్న చతుర్భుజ్ అమీన్. ఆ ఏడాది డిసెంబరు 21న నాసిక్‌లోని నాటకశాలలో కలెక్టర్ ఎ.ఎం.టి. జాక్సన్‌ను అనంత్ కన్హేరే కాల్చి చంపాడు. అమీన్ తరువాత ప్రభుత్వ పక్షాన సాక్ష్యం చెప్పాడు. ఆ పిస్తోళ్ల ప్రయాణం గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం ఇటువంటి సాక్ష్యాల నుంచి వచ్చిందే.

1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీ సరుకు నుంచి 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు మాయమయ్యాయి. 1918 నాటి రౌలట్ కమిటీ నివేదిక ప్రకారం ఆ పిస్తోళ్లు 54 దోపిడీ, హత్యా ఘటనల్లో ఉపయోగపడ్డాయి. ఇవి జేబు పిస్తోళ్లు కావు. పెట్టెనే పిడిగా తగిలించి భుజానికి ఆనించి కాల్చగలిగే పెద్ద ఆయుధాలు. దాచడం కష్టమైనా వాటిని వదలలేదు. అవి ఎన్నిసార్లు మొరాయించాయో మాత్రం ఆ నివేదిక లెక్కపెట్టలేదు. పోలీసులకు ఆ లెక్క అవసరం లేదు మరి.

1948 జనవరి 20 నుంచి 30 వరకు

ఇప్పుడు అన్నిటికంటే బరువైన ఉదాహరణకు వద్దాం. 1948 జనవరి 20న ఢిల్లీలో గాంధీజీ ప్రార్థనా సమావేశంపై కుట్రదారులు చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. ఆ ఉదయం వారిలో నలుగురు హిందూ మహాసభ భవనం వెనుక అడవిలో రెండు రివాల్వర్లను పరీక్షించారు. గోపాల్ గాడ్సే రివాల్వర్‌లో తూటాల గది సరిగా అమరలేదు. రెండోదాన్ని శంకర్ కిస్టయ్య కాల్చగా తూటా గురిపెట్టిన చెట్టుదాకా పోలేదు. ఈ సంగతి చెప్పినవాడు దిగంబర్ బడ్గే. అతడు పూనాలో ఆయుధాల వ్యాపారి. అంటే తుపాకుల గురించి తెలిసి మాట్లాడగలవాడు. అదే సమయంలో క్షమాభిక్ష పొందిన అప్రూవర్. తన పాత్రను తక్కువ చేసి చెప్పుకోవడానికి కారణం ఉన్నవాడు. ఒకే సాక్షిలో ఈ రెండు గుణాలూ ఉన్నప్పుడు ఏం చేయాలి? తన పాత్ర గురించి అతడు చెప్పినదాన్ని జాగ్రత్తగా తూచాలి. చెట్టుదాకా పోని తూటా గురించి అబద్ధమాడితే అతనికి ఒరిగేదేమీ లేదు. ఎర్రకోటలో విచారణ జరిపిన న్యాయమూర్తి ఆత్మాచరణ్ బడ్గే సాక్ష్యాన్ని నమ్మదగినదిగానే స్వీకరించారు.

అయితే రివాల్వర్లు సరిగా లేనందువల్లనే ఆ సాయంత్రం గాంధీజీ బతికారని రాస్తే తప్పవుతుంది. బడ్గే చెప్పిన ప్రకారం, తాను వెళ్లవలసిన గదిలోకి వెళితే చిక్కుకుపోతానని అతడు భయపడ్డాడు. రివాల్వర్లను తువ్వాలులో చుట్టి టాక్సీలోని సంచిలో పెట్టేశాడు. మదన్‌లాల్ పహ్వా పేల్చిన మందుగుండు ఒక గోడను మాత్రమే దెబ్బతీసింది. అంటే ఆ రోజు పని చేయలేకపోయింది మనుషులు. అయినా ఉదయపు పరీక్ష ఫలితం వృథా కాలేదు. తరువాతి రోజుల్లో నాథూరాం గాడ్సే వెతికింది నమ్మదగిన పిస్తోలు కోసమే. జనవరి 30 సాయంత్రం 5 గంటల 17 నిమిషాలకు అతని చేతిలో ఉన్నది ఇటలీలో తయారైన బెరెట్టా. 1934 నమూనా, 9 ఎం.ఎం. కురచ తూటా, ఏడు తూటాల మ్యాగజైన్, సంఖ్య 606824. అంగీ జేబులో ఇమిడే ఆ చిన్న పిస్తోలు మూడుసార్లు వరుసగా పేలింది.

ఈ రెండు తేదీల మధ్య పది రోజులున్నాయి. మదన్‌లాల్ జనవరి 20నే పట్టుబడ్డాడు. బొంబాయిలో ప్రొఫెసర్ జె.సి. జైన్ తనకు తెలిసినది మర్నాడే మంత్రి మొరార్జీ దేశాయికి చెప్పాడు. అందిన సమాచారాన్ని ఢిల్లీ, బొంబాయి పోలీసులు తగిన చురుకుతో వాడుకోలేదని 1969లో నివేదిక ఇచ్చిన కపూర్ కమిషన్ విమర్శించింది. ప్రార్థనకు వచ్చేవారిని సోదా చేయడానికి గాంధీజీ స్వయంగా ఒప్పుకోలేదు. ఒక రివాల్వర్ మొరాయించడం, మరో పిస్తోలు పేలడం మాత్రమే చూసే విద్యార్థికి ఈ పది రోజులు కనబడవు.

అభ్యాసం: బెరెట్టాను ఢిల్లీలోని శరణార్థి శిబిరంలో ఒక వ్యక్తి దగ్గర కొన్నానని గాడ్సే కోర్టులో చెప్పాడు. గ్వాలియర్‌లో డాక్టర్ దత్తాత్రేయ పర్చురే ద్వారా అందిందని ప్రాసిక్యూషన్ వాదించింది. విచారణ న్యాయస్థానం పర్చురేకు శిక్ష విధించగా, 1949లో హైకోర్టు ఆయనను విడుదల చేసింది. పిస్తోలుపై చెక్కిన సంఖ్య, దాని యజమాని మాట రెండూ మీ ముందున్నాయి. వీటిలో ఏది దేనికి సాక్ష్యంగా నిలుస్తుందో, ఏది నిలవదో మీ నోటు పుస్తకంలో ఒక పేజీకి మించకుండా రాయండి.