కాటన్ అంటే మన కాటనేనా?

నేను మన బడిలో పదో తరగతి చదివిన ఏడాది హాజరుపట్టీలో ముగ్గురు సత్యనారాయణలు ఉండేవారు. అన్నవరానికి మొక్కుకునే ఊళ్ళలో ఇది వింతేమీ కాదు. మాస్టారు ఇంటిపేర్లతో పిలిచేవారు. మేం మాత్రం పొట్టి సత్యం, పొడుగు సత్యం, సైకిల్ సత్యం అనేవాళ్ళం. పొడుగు సత్యం చేసిన అల్లరికి పొట్టి సత్యం గోడకుర్చీ వేసిన రోజులు ఆ బ్యాచ్ వాళ్ళందరికీ గుర్తుండే ఉంటాయి. అలాంటి తరగతిలో కూర్చుని, తర్వాత అదే బడికి సోషల్ మాస్టారుగా వచ్చిన నేను ఒక పేరు దగ్గర అదే పొరపాటు చేశాను. ఈ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం వారు అడిగినప్పుడు, ముందు ఆ బాకీ తీర్చుకుందామనిపించింది.

మండల స్థాయి క్విజ్‌కు ఇద్దరు పిల్లల్ని ఎంపిక చేయడానికి ఒక ఏడాది నేనే ప్రశ్నపత్రం తయారుచేశాను. అందులో ఒక ప్రశ్న: గౌహతిలోని కాటన్ కాలేజీ ఎవరి పేరు మీద ఏర్పడింది? నేను రాసుకున్న జవాబు, సర్ ఆర్థర్ కాటన్. నాకు ఎవరూ అలా చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాడికి కాటన్ అంటే ఇంకెవరు? తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ‘హెన్రీ కాటన్’ అని రాశాడు. తప్పు కొట్టాను. పేపరు పట్టుకుని వచ్చి, "మాస్టారూ, జీకే పుస్తకంలో ఇలాగే ఉందండి" అన్నాడు. "అచ్చుతప్పురా" అన్నాను. వాడు ఊరుకోలేదు. "కాలేజీ 1901లో పెట్టారంటండి, మన కాటన్ దొర 1899లోనే పోయారు కదండీ" అన్నాడు. "పోయినవాళ్ళ పేరు పెట్టకూడదా? వెళ్ళి కూర్చో" అన్నాను. ఒక్క మార్కు తేడాతో వాడు జట్టులో లేకుండా పోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత ఆ కుర్రాడు ఉద్యోగరీత్యా అస్సాం వెళ్ళి, గౌహతి పాన్‌బజార్ నుంచి నాకొక ఫోటో పంపాడు. ఆ కాలేజీ గేటు. కింద ఒకే వాక్యం: "రోజూ ఈ దారినే వెళ్తానండి, మీరు గుర్తొస్తారు." నిష్ఠూరం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు మొదలుపెట్టాను, ఏ కాటన్ ఎవరో చూద్దామని.

మన కాటన్ గురించి మనవాళ్ళకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. 1803లో పుట్టి, 1821లో మద్రాసు వచ్చిన ఇంజనీరు. 1833 కరువులో జనం అల్లాడిన ఈ నేల మీద, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తి చేయించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అంటూ నాలుగు పాయల మీద నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట అది. ఆయన వెంట నిలిచి పని నడిపించిన వీణెం వీరన్నను ఇక్కడ తలచుకోకపోతే పాపం చుట్టుకుంటుంది. గోదావరి స్నానం చేసేటప్పుడు దొర పేరు కలిపి చెప్పుకునే శ్లోకం పుట్టిందంటే, ఆ కృతజ్ఞత ఎంతటిదో తెలుస్తుంది. నా తప్పుకు మూలం కూడా ఆ కృతజ్ఞతే అనుకుంటాను. ఒక మనిషి మీద అంత అభిమానం ఉంటే, ఆ పేరు ఎక్కడ కనిపించినా ఆయన ఖాతాలోనే వేసేస్తాం.

ఇక హెన్రీ. ఈయన వేరే కుటుంబం వాడు, వేరే ఉద్యోగం వాడు. అయితే నాలాంటి వాణ్ణి తికమక పెట్టడానికే పుట్టాడా అన్నట్టు 1845లో కుంభకోణంలో పుట్టాడు. తండ్రి జోసెఫ్ జాన్ కాటన్ మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. గోదావరి కంటే ముందు మన ఆర్థర్ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించి నిలబెట్టింది ఆ కావేరి డెల్టానే! అంటే ఒక కాటన్ బాగుచేసిన డెల్టాలో ఇంకో కాటన్ పుట్టాడు. ధవళేశ్వరంలో పని మొదలయ్యేనాటికి ఈయనకు రెండేళ్ళు.

హెన్రీ బెంగాల్‌లో ఉద్యోగం చేశాడు. 1896 నుంచి 1902 వరకు అస్సాం చీఫ్ కమిషనర్. ఉన్నత చదువుకు కలకత్తా దాకా పోనక్కర్లేకుండా తమకూ ఒక కాలేజీ కావాలని మాణిక్ చంద్ర బరువా వంటి అస్సాం పెద్దలు అడగగా, 1901లో గౌహతిలో కాలేజీ తెరిచారు. దానికి ఆయన పేరే పెట్టారు. 2017 నుంచి అది కాటన్ విశ్వవిద్యాలయం. తేయాకు తోటల కూలీలకు జీతం పెరగాలని, వాళ్ళ బతుకులు మారాలని పట్టుబట్టి తోటల యజమానులతో వైరం తెచ్చుకున్నది కూడా ఈయనే. ఉద్యోగం వదిలాక 1904లో బొంబాయి కాంగ్రెసుకు అధ్యక్షత వహించి, ఈ దేశం ఒకనాటికి స్వతంత్ర రాష్ట్రాల సమాఖ్య కావాలని మాట్లాడాడు. బెంగాల్ విభజనను వ్యతిరేకించాడు. 1906లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఇంత చరిత్ర ఉన్న మనిషిని నేను ‘అచ్చుతప్పు’ చేసేశాను.

ఇంతటితో అయిపోలేదు. మన పూర్వ విద్యార్థుల పిల్లలు కొందరు బెంగళూరులో చదువుతున్నారు. వాళ్ళలో ఒకరి ఇంట్లో బిషప్ కాటన్ స్కూలు మాట వచ్చినప్పుడు, ఆ ఇంటి పెద్దాయన "మన కాటన్ దొర అక్కడ బడి కూడా పెట్టాడు" అని మురిసిపోయారు. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది కాబట్టి విషయం చెప్పాను. ఆయన జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్. ఇంగ్లండులో పేరుపడ్డ రగ్బీ బడిలో మాస్టారు, తర్వాత మార్ల్‌బరో కాలేజీకి పెద్ద, 1858లో కలకత్తా బిషప్. 1859లో సిమ్లాలో మొదలైన బడికీ, 1865లో బెంగళూరులో మొదలైన బడికీ ఉన్నది ఆయన పేరే. ఈయన చావు మాత్రం చదివినప్పుడు మనసు కలుక్కుమంది. 1866 అక్టోబరు 6న కుష్టియాలో శ్మశానవాటికను ప్రతిష్ఠించి, చీకట్లో పడవ ఎక్కబోతూ పలక మీద కాలుజారి గొరాయి నదిలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఏరు కట్టి పేరు తెచ్చుకున్న కాటన్ ఒకరు, ఏట్లో కలిసిపోయిన కాటన్ ఇంకొకరు.

మన అభిమానం ఎంత దూరం పోతుందంటే, బొంబాయిలో కాటన్ గ్రీన్ అనే రైల్వే స్టేషన్ చూసి దొర పేరేనని నమ్మిన మిత్రుడొకడు నాకున్నాడు. అది పత్తి వ్యాపారం వల్ల వచ్చిన పేరు. బెంగళూరు కాటన్‌పేట కూడా అంతే. కన్నడంలో అరళెపేటె, అరళె అంటే పత్తి. పోనీ దొరల ఇంటిపేరైనా పత్తి నుంచి వచ్చిందా అంటే అదీ కాదు. పత్తికున్న మాట అరబ్బీ ‘కుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరేమో ‘గుడిసెల దగ్గర’ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి, ఆ పేరుగల ఊళ్ళ నుంచి వచ్చింది. ఎక్కడెక్కడి గుడిసెల వాళ్ళో అందరూ కాటన్లే అయ్యారు. మనకూ ఊళ్ళ పేర్లే ఇంటిపేర్లైనవి కొల్లలు. అయినా పెళ్ళిసంబంధం వచ్చినప్పుడు ఇంటిపేరు ఒకటే అనగానే ఆగిపోం, గోత్రం అడుగుతాం. చరిత్ర దగ్గర ఆ పాటి జాగ్రత్త నాకు లేకపోయింది.

ఒక్క విషయం మాత్రం మన సంఘం సభ్యులకు నచ్చుతుంది. గౌహతి కాలేజీలో చదివినవాళ్ళు తమను కాటనియన్లు అని చెప్పుకుంటారు. బెంగళూరు, సిమ్లా బడుల్లో చదివినవాళ్ళూ కాటనియన్లమనే చెప్పుకుంటారు. ఎక్కడైనా రైల్లో ఇద్దరు ఎదురుపడి, "నువ్వూ కాటనియనేనా!" అని కావలించుకున్నాక ఏ బడి అని అడిగితే ఎలా ఉంటుందో! ఆ లెక్కన చూస్తే, ఆనకట్ట కాలవ నీళ్ళతో పెరిగిన మనకు ఆ పేరు పెట్టుకునే హక్కు తక్కువేమీ లేదు. కానీ మన ఆర్థర్ పేరుతో మనకున్నవి బ్యారేజీ, ధవళేశ్వరం మ్యూజియం, ఊరూరా గుర్రం మీద విగ్రహాలు. మే 15న ఆ విగ్రహాలకు దండలు వేయడం మనం మరిచిపోం. గౌహతి కాలేజీ ఆయన ఖాతాలో లేకపోతే ఆయనకొచ్చే లోటేమీ లేదు.

పాత ప్రశ్నపత్రాల కట్ట ఇప్పటికీ మా ఇంటి అటక మీదే ఉంది. మొన్న దింపి వెతికితే ఆ కుర్రాడి పేపరు దొరికింది. ‘హెన్రీ కాటన్’ మీద నేను గీసిన ఎర్రగీత కాస్త వెలిసింది. దాన్ని కొట్టేసి, పక్కన ఒకటి వేసి, తేదీతో సంతకం పెట్టాను. స్వర్ణోత్సవానికి వస్తున్నాడని తెలిసింది. పేపరు సంచిలో పెట్టుకున్నాను.